లేజరు మిషను పంపకండి, బస్సు చార్జీ పంపండి

పోయిన నెల మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు పెట్టిన ఒక విందు సభకి వెళ్ళాను. తలకి 120 డాలర్లు. గుత్తివంకాయ బాగుంది, కాదనను. ఆ రాత్రి పోగైన డబ్బుతో ఆంధ్రలో ఒక ఆసుపత్రికి కంటి లేజరు మిషను కొని పంపుతారట. తెర మీద మిషను బొమ్మ వేశారు. చప్పట్లు. ఇండియా నుంచి వచ్చిన ఒక ప్రముఖుడు మైకు పుచ్చుకుని, "అంతర్జాతీయ పరిశోధనా సహకారానికి ఇది తొలి మెట్టు" అన్నారు. మళ్ళీ చప్పట్లు. నేను కొట్టలేదు. పక్క కుర్చీలో ఉన్న డాక్టరుగారు చూసి, "ఏమండీ, మంచి పనే కదా?" అని అడిగారు. అప్పుడు నోట్లో గులాబ్‌జామ్ ఉంది, జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మంచి పని కాదండీ. ఎందుకంటే ఈ పని నేను ఇరవయ్యేళ్ళ కిందటే చేశాను.

2003లో సంగతి. నేను ఆసుపత్రి పరికరాలు చూసుకునే ఇంజినీరుని. ఇక్కడ ఒక కంటి క్లినిక్ వాళ్ళు పాత ఆర్గాన్ లేజరు తీసేసి కొత్తది పెట్టుకుంటున్నారు. పాతదాన్ని పారేస్తుంటే మా జిల్లాకి పంపుకుంటామని అడిగి తెచ్చుకున్నాను. పదిమందిమి కలిసి కంటెయినర్ చార్జీలు వేసుకున్నాం. బ్యానరు కట్టి ఫోటో దిగాం. ఆ ఫోటో ఇంకా నా దగ్గరుంది. అందులో అందరికంటే ఎక్కువ పళ్ళికిలించినవాణ్ణి నేనే.

ఆ రోజుల్లో ఆర్గాన్ లేజరంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక మాట. అది వేల వాట్ల కరెంటు మింగి పట్టుమని పది వాట్ల వెలుతురు కూడా ఇవ్వదు. మిగతాదంతా వేడి. ఆ వేడిని లాగడానికి ఎప్పుడూ ధారగా నీళ్ళు పారాలి. త్రీఫేజు కరెంటు కావాలి. మెల్‌బోర్న్‌లో గోడకి ఉన్న కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి కనక ఈ విషయం నా బుర్రకి తట్టలేదు. ఇంజినీరుని నేనే! ప్రారంభోత్సవం రోజున అద్దె జనరేటరు తెచ్చారు, డ్రమ్ములతో నీళ్ళు పట్టారు, రిబ్బను కత్తిరించారు. సాయంత్రానికి జనరేటరు వెళ్ళిపోయింది. మిషను మీద దుప్పటి కప్పారు. ఏడాదికొకసారి ఆయుధపూజ నాడు దుప్పటి తీసి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, మళ్ళీ కప్పేవారు.

మా మేనమామ ఊరు అక్కడికి పదకొండు కిలోమీటర్లు. ఆయనకి షుగరు. మందులు వేసుకునేవాడు, కళ్ళు మాత్రం ఎప్పుడూ చూపించుకోలేదు. చూపు బాగానే ఉంటే ఎవరు చూపించుకుంటారు? 2006లో ఒక పొద్దున్న పేపరు చదువుతుంటే ఎడమ కంట్లో నల్లటి దారాలు ఆడాయట. మధ్యాహ్నానికి కన్ను మొత్తం పొగ కమ్మింది. కంట్లో నెత్తురు దిగింది. ఆరెంపీ డాక్టరు చుక్కల మందిచ్చాడు. ఇంకో రెండు నెలలు గడిచాక హైదరాబాదు తీసుకెళ్ళారు. అప్పటికి ఎడమ కన్ను పోయింది. కుడి కంటిని నిలబెట్టారు. దేనితో అనుకున్నారు? లేజరుతోనే.

తర్వాత ఫోన్లో అన్నాడు. "అల్లుడూ, మీరు పంపిన మిషను దర్శనం చేసుకొచ్చాన్రా. దేవుడు బాగానే ఉన్నాడు. పూజారే లేడు."

* * *

ఇది చదివి "అయితే లేజరు పాతబడిపోయింది, దాని జోలి ఎందుకు" అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళకోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ వైద్యం లేజరు పుట్టకముందే పుట్టింది, అదీ గ్రహణంలో. 1945 జులై 9న యూరప్‌లో సూర్యగ్రహణం. దాన్ని వట్టి కళ్ళతో చూసి రెటీనా కాల్చుకున్నవాళ్ళని హాంబుర్గ్‌లో మేయర్-ష్వికెరాత్ అనే యువ డాక్టరు చూశాడు. మనవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన పాలమూరు, నల్లగొండల మీదుగా వెళ్ళినప్పుడు, జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు దుర్భిణీలు పెట్టుకుని కూర్చుంటే, మా ఇంట్లో తలుపులు బిగించి, నీళ్ళ బిందెల్లో దర్భలు వేసి, మమ్మల్ని మంచం దిగనివ్వలేదు. కళ్ళు పోతాయన్నారు. పోతాయి, నిజమే. మేయర్-ష్వికెరాత్ మాత్రం దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఎండ రెటీనాని కాల్చగలిగితే, మనం కావాలనుకున్న చోట కావాలనుకున్నంతే కాల్చి జబ్బు ఆపలేమా? మొదట అద్దాలతో ఎండనే కంట్లోకి పంపాడు. మబ్బు పడితే వైద్యం బంద్. తర్వాత జైస్ కంపెనీతో కలిసి జెనాన్ దీపానికి మారాడు. 1960 మే 16న మైమన్ కాలిఫోర్నియాలో రూబీ లేజరు వెలిగించాక, కంటి డాక్టర్లు ఒక్క ఉదుటున దాన్ని అందుకున్నారంటే కారణం ఇదే. దీపం మారింది, ఆలోచన అప్పటికే తయారుగా ఉంది. 1968 నాటికి లెస్పెరాన్స్ ఆర్గాన్ లేజరుని కంటికి వాడాడు.

ఇక్కడ మన సభల్లో తప్పకుండా రెండు పేర్లు వినిపిస్తాయి. 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజరు చేసిన బారామతి కుమార్ పటేల్. 1981లో ఐబీఎంలో థాంక్స్‌గివింగ్ పండగ మిగులు టర్కీ మాంసం మీద ఎక్సైమర్ లేజరు వేసి, కాలకుండా కోత పెట్టవచ్చని చూసిన ముగ్గురిలో ఒకరైన మద్రాసు శ్రీనివాసన్. మనలో సగంమంది హైదరాబాదు సెలవుల్లో లాసిక్ చేయించుకుని కళ్ళజోడు తీసేశామంటే ఆ టర్కీ పుణ్యమే. గర్వపడండి, తప్పులేదు. కానీ వాళ్ళిద్దరూ ఆ పనులు చేసింది అమెరికన్ కంపెనీల ల్యాబుల్లో అని కూడా గుర్తుపెట్టుకోండి. మనం ఎగుమతి చేసింది మనుషుల్ని.

షుగరు కంటికి లేజరు పనిచేస్తుందని ఎలా తేలిందో నాకు ఆ ఆవిష్కరణల కంటే గొప్పగా అనిపిస్తుంది. 1970ల్లో అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 15 కేంద్రాల్లో 1,700 మందికి పైగా పేషెంట్లని తీసుకుంది. ఒక్కొక్కరికి ఒక కంటికి లేజరు చేశారు, రెండో కంటికి చెయ్యలేదు. ఏ కంటికన్నది చీటీ వేసినట్టే నిర్ణయించారు. 1976 నాటికి ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, చెయ్యని కళ్ళకి కూడా అవసరమైతే చేసెయ్యమని నియమాలు మార్చారు. చూపు బాగా పోయే ప్రమాదం సగానికి సగం, ఇంకా ఎక్కువే తగ్గింది. ఇది ఎలా పనిచేస్తుందంటే, రక్తం సరిగ్గా అందని రెటీనా ఆకలితో కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది. అవి పెళుసుగా ఉండి చిట్లుతాయి. మా మావయ్య చూసిన నల్లదారాలు అవే. రెటీనా అంచుల్లో వెయ్యికి పైగా చిన్న చిన్న వాతలు పెడితే తినే నోళ్ళు తగ్గుతాయి. ఉన్న రక్తం నడిమి చూపుకి సరిపోతుంది. అంచు చూపు, రాత్రి చూపు కొంత పోతాయి. పుస్తకం చదివే చూపు, మనవడి మొహం చూసే చూపు మిగులుతాయి.

తర్వాత ఇంజెక్షన్లు వచ్చాయి. కంట్లోకి ఇచ్చే యాంటీ-వీఈజీఎఫ్ మందులు. 2015లో అమెరికాలో 55 చోట్ల, 305 మంది మీద చేసిన ప్రోటోకాల్-ఎస్ అనే ట్రయల్, ఇంజెక్షను లేజరుకి తీసిపోదని తేల్చింది. అప్పటినుంచి మన కుర్ర డాక్టర్లు చాలామంది లేజరు పేరెత్తితే ముసలాయన్ని చూసినట్టు చూస్తున్నారు. కానీ ఆ ట్రయల్లోనే ఐదేళ్ళు తిరిగేసరికి బతికున్నవాళ్ళలో మూడోవంతు మంది చివరి పరీక్షకి రాలేదు. అమెరికాలో, ట్రయల్లో, ఫోన్లు చేసి మరీ పిలుస్తుంటే! 2019లో ఫిలడెల్ఫియా విల్స్ ఐ హాస్పిటల్ వాళ్ళు ఇంకొక పని చేశారు. మధ్యలో నెలల తరబడి రాకుండా పోయి మళ్ళీ వచ్చినవాళ్ళ కళ్ళు చూశారు. లేజరు చేయించుకుని మాయమైనవాళ్ళ కళ్ళు పెద్దగా చెడలేదు. ఇంజెక్షన్ల మీద ఉండి మాయమైనవాళ్ళవి చెడ్డాయి, రెటీనా ఊడొచ్చిన కేసులు వాళ్ళలోనే ఎక్కువ. మందు ప్రభావం కొన్ని వారాల్లో పోతుంది. లేజరు మచ్చ ఉండిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ప్రతి నెలా ఆసుపత్రికి రాగలిగేవాడు ఎవడు? టూరక్‌లో ఉండే ప్లాస్టిక్ సర్జన్ రాగలడు. జూబ్లీహిల్స్‌లో ఉండే కాంట్రాక్టరు రాగలడు. మాచర్ల అవతల మిరపచేను కౌలుకి చేసుకునేవాడు రాగలడా? అతనికి ఏ వైద్యం మంచిదన్న ప్రశ్నకి 55 అమెరికన్ క్లినిక్కుల జవాబు సరిపోదు. అతని దూరాన్ని ఎవరూ లెక్కలో వెయ్యలేదు.

* * *

దూరం అనగానే మనం ఉన్న దేశం సంగతి చూద్దాం. పెర్త్ నుంచి బ్రూమ్‌కి రోడ్డు మీద రెండువేల కిలోమీటర్ల పైమాటే. కింబర్లీలో షుగరు కన్ను వచ్చిన ఆదివాసీ మనిషికి రెటీనా డాక్టరంటే నెలల నిరీక్షణ, లేదా విమానం. లయన్స్ అవుట్‌బ్యాక్ విజన్ వాళ్ళు పరికరాలన్నీ ఒక పెద్ద ట్రక్కులో పెట్టుకుని పశ్చిమ ఆస్ట్రేలియా అంతా తిరుగుతున్నది అందుకే. ఈ దేశానికి తన కళ్ళు తాను చూసుకోవడం నేర్పింది ఫ్రెడ్ హాలోస్. 1976లో మొదలుపెట్టి వందల ఆదివాసీ ఊళ్ళు తిరిగి, లక్ష మందికి పైగా పరీక్ష చేయించాడు. ఆ తర్వాత హ్యూ టేలర్ బృందం 2008లో చేసిన జాతీయ సర్వేలో, నలభై దాటిన ఆదివాసీల్లో అంధత్వం మిగతా ఆస్ట్రేలియన్లకి ఆరు రెట్లు ఉందని తేలింది. ఆ చూపు పోవడంలో 94 శాతం ఆపగలిగిందో, బాగుచెయ్యగలిగిందో.

మనం ఇక్కడ ముప్ఫయ్యేళ్ళుగా ఉంటున్నాం. పౌరసత్వం తీసుకున్నాం, పన్నులు కడుతున్నాం, కౌన్సిలు ఎన్నికల్లో నిలబడుతున్నాం. మన సభల్లో ఒక్కసారైనా ఈ 94 శాతం మాట వచ్చిందా? మనకి ఆస్ట్రేలియా అంటే మెల్‌బోర్న్, సిడ్నీ. ఇండియా అంటే మన ఊరు. కింబర్లీకీ పల్నాడుకీ, ఆలిస్ స్ప్రింగ్స్‌కీ భద్రాచలం ఏజెన్సీకీ ఒకే జబ్బు, ఒకే దూరం, ఒకే ప్రశ్న అని మనకి తట్టదు. నిజమైన పరిశోధనా సహకారం ఎక్కడ మొదలవ్వాలో అది ఇక్కడే ఉంది. రెండు దేశాలకీ తెలియని ప్రశ్న, రెండు దేశాలకీ కావలసిన జవాబు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే రాగలిగే మనిషికి లేజరు ముందే చేసెయ్యాలా, ఇంజెక్షనుతో కలిపి చెయ్యాలా, ఏ దశలో చెయ్యాలి?

"ఇదంతా చెప్పడానికి బాగుంటుంది, మనవల్ల అయ్యే పనా" అంటారేమో. అయింది కూడా. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, రోచెస్టర్‌లో ఉద్యోగం వదులుకుని వచ్చిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు, సినిమా ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన విరాళంతో 1987లో హైదరాబాదులో కంటి సంస్థ పెట్టారు. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో బ్రియన్ హోల్డెన్ అనే కాంటాక్టు లెన్సుల ప్రొఫెసర్ ఆయనకి జతయ్యాడు. ఇద్దరిదీ దశాబ్దాల స్నేహం. ఆస్ట్రేలియా ప్రభుత్వ నిధులతో 2003లో మొదలైన విజన్ సీఆర్‌సీలో హైదరాబాదు సంస్థ దానం పుచ్చుకునే చెయ్యి కాదు, భాగస్వామి. 2015లో హోల్డెన్ పోయారు. హైదరాబాదు క్యాంపస్‌లో పరిశోధనా కేంద్రానికి ఇప్పటికీ ఆయన పేరే.

అదే సంస్థ 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే చేసింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, పాలమూరు. 94 క్లస్టర్లు, 10,293 మంది. దండోనా దంపతులు ముందుండి నడిపారు, మెల్‌బోర్న్ నుంచి క్యాథరిన్ మెకార్టీ కలిశారు. నూటికి 1.84 మంది గుడ్డివాళ్ళని తేలింది. ఈ సర్వే కోసం ఎవరూ కంటెయినర్‌లో మిషను పంపలేదు. లెక్కపెట్టే పద్ధతి వచ్చింది, మనుషులు వచ్చారు, అంకెలు మన దగ్గర తయారయ్యాయి, వ్యాసాల మీద మొదటి పేర్లు మనవాళ్ళవే. అదే సంస్థ 50,000 జనాభాకి ఒక విజన్ సెంటరు, వాటికి పైన సెకండరీ కేంద్రం అని పిరమిడ్డులా కట్టుకుంటూ వచ్చింది. మొదటి సెకండరీ కేంద్రం 1996లో ముధోల్‌లో. హైటెక్ సిటీలో కాదు, ముధోల్‌లో.

దీని పక్కన ఇప్పుడు జరిగేవి పెట్టి చూడండి. మంత్రులు సిడ్నీ వస్తారు, ఎంవోయూల మీద సంతకాలు అవుతాయి, శాలువాలు కప్పుకుంటారు. ఆస్ట్రేలియా-ఇండియా వ్యూహాత్మక పరిశోధనా నిధి 2006 నుంచి ఉంది. పరమట్టాలో రెండు దేశాల సంబంధాల కేంద్రం 2023 నుంచి ఉంది. వాటిని తప్పుపట్టను, వాటి దగ్గరికి మనం ఏ ప్రశ్న పట్టుకెళ్ళామని అడుగుతున్నాను. అక్కడ తెలంగాణ 2018లో కంటి వెలుగు పెట్టింది. ఆంధ్ర 2019లో అదే పేరుతో ఇంకొకటి పెట్టింది. మంచిదే. కోటి మందికి పైగా కళ్ళు చూశారు. కానీ ప్రకటనల్లో ఎప్పుడూ ముందుకొచ్చిన అంకె కళ్ళజోళ్ళది. కళ్ళజోడు ఫోటోలో కనబడుతుంది. రెటీనా కనబడదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పదికోట్ల పైన. వీళ్ళలో ఎంతమంది కంటి వెనక తెర ఫోటో ఎవరు తీశారు?

ఫోటో అనగానే ఇంకొక గొడవ. 2016లో గూగుల్ వాళ్ళు రెటీనా ఫోటోలు చూసి జబ్బు పట్టే కంప్యూటరు ప్రోగ్రామ్ గురించి జామాలో రాశారు. నేర్పడానికి 1,28,175 ఫోటోలు వాడారు. అమెరికా ఫోటోలతో పాటు మూడు ఇండియా కంటి ఆసుపత్రుల ఫోటోలు కూడా అందులో ఉన్నాయి. గొప్ప పనే. అదే ప్రోగ్రామ్‌ని థాయిలాండ్ పల్లె క్లినిక్కుల్లో పెడితే, గదిలో వెలుతురు చాలక, ఐదింట ఒక ఫోటోని మిషను తిప్పికొట్టింది. ఆ సంగతి 2020లో గూగుల్ మనుషులే నిజాయితీగా రాశారు. చూడండి, మళ్ళీ నా ఆర్గాన్ లేజరు కథే. అక్కడ నీళ్ళు లేవు, ఇక్కడ వెలుతురు లేదు. ల్యాబులో పుట్టిందాన్ని పల్లెలో దింపేముందు పల్లెని అడగం. కళ్ళు మనవి, ఫోటోలు మనవి. ప్రశ్న వేసే హక్కు, ఆ ఫోటోలు ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు మాత్రం ఒప్పందంలో ఎక్కడో చివరి పేజీలో ఉంటాయి, ఉంటే. మనలో సగంమంది ఐటీ వాళ్ళం. ఒక్క ఒప్పందం కాగితం తెప్పించి చదివామా?

ఇక రెండో రకం లేజరు. వాత పెట్టనిది, వేడి కూడా తెలియనిది. మోకాళ్ళకి, మెడకి, జుట్టుకి, ఇప్పుడు మెదడుకి కూడా. మన సంక్రాంతి సంబరాల్లో స్టాళ్ళు పెట్టి అమ్ముతున్నారు. అంతా మోసమని నేను అనను. 1967లో బుడాపెస్ట్‌లో మేస్టర్ ఎలుకల మీద చూసినదాంతో మొదలైన దారి అది. 2009లో లాన్సెట్‌లో సిడ్నీ డాక్టరు రొబెర్టా చౌ, ఇంగ్లండు, బ్రెజిల్, నార్వే పరిశోధకులతో కలిసి 16 ట్రయల్స్, 820 మంది లెక్కలు కలిపి, మెడనొప్పికి కొంత ఉపశమనం ఉందని చూపించారు. నాలుగు దేశాలవాళ్ళు కూర్చుని లెక్కపెట్టారు కాబట్టే దానికి విలువ. మెడనొప్పి మీద తేలింది మెడనొప్పికే. పార్కిన్సన్ మీద ఆస్ట్రేలియాలో 2021లో వచ్చిన అధ్యయనం చేసినవాళ్ళే దాన్ని ప్రాథమిక ప్రయత్నమన్నారు, అందులో ఉన్నది 12 మంది. పన్నెండు మందిని చూపించి వేల డాలర్ల హెల్మెట్టు అమ్మితే, కొనేది మన అమ్మానాన్నలే.

దీనికి మందు కూడా ఆస్ట్రేలియాలోనే ఉంది. అడిలైడ్‌లో ఎలెక్స్ అనే కంపెనీ కంటి లేజర్లు చేసేది (ఆ లేజరు వ్యాపారాన్ని 2020లో ఫ్రాన్సు వాళ్ళు కొన్నారు). వాళ్ళు వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకి నానోసెకండ్ లేజరు ఒకటి తయారుచేశారు. మెల్‌బోర్న్‌లో రాబిన్ గైమర్ దానిమీద లీడ్ అనే ట్రయల్ నడిపారు. 292 మంది, ఐదు ఆస్ట్రేలియా కేంద్రాలు, ఒకటి బెల్‌ఫాస్ట్‌లో. సగంమందికి నిజం లేజరు, సగంమందికి ఉత్తుత్తిది, మూడేళ్ళు. మొత్తం మీద చూస్తే లాభం తేలలేదు. ఒకరకం కళ్ళకి మేలు చేసి ఉండవచ్చు, ఇంకోరకం కళ్ళకి కీడు చేసి ఉండవచ్చు అని కూడా తేలింది. సొంతదేశం మిషను, సొంతదేశం డాక్టర్లు, అయినా వచ్చింది వచ్చినట్టు అచ్చువేశారు. మనం హైదరాబాదుకి పంపదగ్గ ఎగుమతి ఏదైనా ఉంటే అదీ.

* * *

మావయ్య 2017లో పోయాడు, గుండెతో. అప్పటిదాకా కుడికన్ను పనిచేసింది. హైదరాబాదులో ఆయనకి లేజరుకి ఒక్క పైసా తీసుకోలేదు. కానీ పోయిన ప్రతిసారీ రాత్రి బస్సు, తోడుకి మా బావ, ఇద్దరికీ టికెట్లు, భోజనాలు, బావకి రెండురోజుల కూలి. మధ్యలో ఏడాదిన్నర వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు మావయ్యా అంటే, "పత్తి తీతల టైమురా" అన్నాడు. నాకు చెప్పి ఉంటే పంపేవాణ్ణి కదా అన్నాను. "బస్సు చార్జీలకి ఆస్ట్రేలియా ఫోన్ చెయ్యమంటావా?" అన్నాడు.

నేను ఉద్యోగరీత్యా చాలా పరిశోధనా ప్రతిపాదనలు చూశాను, కొన్నిటిలో చెయ్యి కూడా ఉంది. నేను చూసినవాటిలో పరిశోధకుల విమానం టికెట్లకి ఎప్పుడూ పద్దు ఉంటుంది, సదస్సు హోటలుకి ఉంటుంది. పేషెంటు బస్సు టికెట్టుకి, అతని తోడు మనిషి కూలికి పద్దు ఉన్నది అరుదు. ఐదేళ్ళు పేషెంట్లు తిరిగిరాకపోతే ట్రయల్ లేదు, జవాబు లేదు. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. అత్తయ్యలకి సగం సమస్య తీరింది. మావయ్యల సంగతి మిగిలింది, కూలి సంగతి ఇద్దరికీ మిగిలింది.

లేజరు మిషన్లు అక్కడ దొరుకుతాయండీ. ఇప్పటివి మామూలు ప్లగ్గుకి పెట్టుకోవచ్చు, నీళ్ళు అక్కర్లేదు, ఇండియాలో డీలర్లున్నారు, సర్వీసు ఇంజినీర్లున్నారు. మనం ఇక్కడినుంచి మోసుకెళ్ళాల్సిన అవసరం ఏమీ లేదు. లేనిది, పేషెంటు ఐదేళ్ళపాటు తిరిగి రావడానికి కావలసిన డబ్బు. ఊళ్ళో ఫోటో తీసే పిల్లకి జీతం. రాని పేషెంటు ఇంటికి వెళ్ళి తలుపు తట్టే మనిషి. వీటిమీద తెలుగు సంఘం పేరు చెక్కించడానికి వీలుండదు, రిబ్బను కత్తిరించడానికి వీలుండదు. అందుకే వీటికి విందులు పెట్టం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. ఈ సంస్థ పేరుమీద ఇకపై వైద్య పరికరాలు పంపరాదు. ఆ డబ్బు ఐదేళ్ళకి కట్టుబడి, రెండు రాష్ట్రాల్లో ఒక్కొక్క పల్లె కేంద్రం, ఇక్కడ ఒక ఆదివాసీ ఆరోగ్య కేంద్రం ఒప్పుకుంటే, వాళ్ళు వేసిన ప్రశ్న మీద, వాళ్ళ పేషెంట్ల రాకపోకలకి, రెటీనా ఫోటోలకి వాడాలి. ఫోటోలు, లెక్కలు ఏ ఊరివి ఆ ఊరి కేంద్రం అధీనంలోనే ఉండాలి. మన ఎంపీలని కలిసి, రెండు దేశాల పరిశోధనా నిధుల్లో పేషెంటు ప్రయాణ ఖర్చుకి విడిగా పద్దు పెట్టమని అడగాలి. మొన్నటి విందు డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉందని కోశాధికారి చెప్పారు, మిషను ఆర్డరు ఇంకా వెళ్ళలేదట.

తీర్మానం బలపరచడానికి ఒకరు కావాలి. ఆ రోజు నా పక్క కుర్చీలో కూర్చున్న డాక్టరుగారు అయితే మరీ మంచిది.